బూడిదరంగు కనెక్టరు

4వ తేదీ, సోమవారం

ఈ రోజు బండి నిద్ర లేవడం చూశాను.

ఇంకో మాట దొరకడం లేదు. షెడ్డులో కొత్త వ్యాను. చక్రాలు బిగించారు, తలుపులు పెట్టారు, సీట్లు ఇంకా లేవు. స్టీరింగ్ కింద చెయ్యి దూర్చి బూడిదరంగు కనెక్టరును నల్లపెట్టెలో పెట్టి నొక్కాను. క్లిక్కుమంది. టెస్టు డ్రైవరు తాళం తిప్పాడు. ముందు బండి లోపల నెత్తి మీద చిన్న దీపం వెలిగింది. తరవాత తలుపుల తాళాలన్నీ ఒక్కసారి టకటకలాడాయి. వైపర్లు అటొకసారి ఇటొకసారి ఊగి పడుకున్నాయి. పిల్లలు లేవగానే కళ్ళు తెరిచి, వేళ్ళు విరిచి, మళ్ళీ దుప్పటి లాక్కుంటారే, అచ్చం అలా.

నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టేశాను.

"ఏమ్మా, సినిమాకొచ్చావా?" అన్నాడు డ్రైవరు. ఎదురుగా పిట్ట వాలినా హారన్ కొడతాడని ఆయన్ని అందరూ హారన్ మావయ్య అంటారు. నన్ను వెక్కిరించి, తను మాత్రం ఉత్తపుణ్యానికి మరోసారి తాళం తిప్పి చూసుకున్నాడు.

ఆ నల్లపెట్టె పేరు బాడీ కంట్రోల్ మాడ్యూల్. కాలేజీలో దాని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. బొమ్మలో అది ఒక చతురస్రం. లైన్లో ఆడవాళ్ళు దాన్ని అత్తగారు అంటారు. ఆ పేరు పెట్టింది మా పెద్దమ్మే. "దీపం వెలగాలన్నా, తలుపు తియ్యాలన్నా, అద్దం దించాలన్నా ముందు ఆవిడ చెవిన వెయ్యాలి. ఆవిడ ఊఁ అంటేనే పని. అత్తగారు కాక మరెవరే?"

ఆవిడ చెవిన వేసేవి తీగలు. బండి ఒంట్లోని ప్రతి మూల నుంచీ ఒకటి వస్తుంది. అన్నీ కలిపి టేపు చుడితే జడ. జడ కొసన బూడిదరంగు కనెక్టరు. నా అరచేతిలో పట్టేస్తుంది.

అరచేతిలో ఒక బండి మాటలన్నీ. నిద్ర పట్టేలా లేదు.

5వ తేదీ, మంగళవారం

పెద్దమ్మ పనిచేసే టేబుల్ దగ్గర కాసేపు నిలబడ్డాను. తీగ కొసన చిన్న రేకు టెర్మినల్ పెట్టి మిషనుతో నొక్కుతుంది. దాన్ని కనెక్టరు రంధ్రంలోకి తోస్తుంది. క్లిక్కు వినపడగానే వెనక్కి ఒక్క గుంజు గుంజుతుంది. రాకపోతే సరి, తరవాతిది. తోయడం, వినడం, గుంజడం. ఆ మిషన్ల రొదలో తన క్లిక్కు తనకెలా వినపడుతుందో!

పెద్దమ్మకి చదువు రాదు. అమ్మకీ రాదు. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనే. నాన్న పోయాక అమ్మ బట్టలు కుట్టింది, పెద్దమ్మ తీగలు నొక్కింది, నేను చదివాను.

ఫ్యాక్టరీలో మేమిద్దరం చుట్టాలమని ఎవరికీ తెలియదు. పెద్దమ్మ నన్ను "మేడమ్ గారూ" అంటుంది, చాలా సీరియస్‌గా. ఇంటికొచ్చాక, "మేడమ్ గారూ, ఆ కంచాలు కడగండి."

నా పని, బండిలో బిగించే ముందు ప్రతి బూడిదరంగు కనెక్టరులోనూ కరెంటు సరిగా పారుతోందో లేదో మీటరుతో చూడడం. ఈ మోడలుకే కొత్తగా పెట్టిన పరీక్ష. దానికి టెస్టు పిన్నుల డబ్బా ఒకటి ఇచ్చారు. ఒక్కో సైజుకి ఒక్కో సన్నటి పిన్ను, వెతుక్కునేసరికి జడలు పేరుకుపోతాయి. నేను ఆ పిన్నులు లేకుండా నేరుగా నా మీటరే వాడుతున్నాను. ఉద్యోగం వచ్చిన రోజు పెద్దమ్మ కొనిచ్చింది. దాని తీగల చివర ముళ్ళు గట్టివి. ఒక్కో రంధ్రంలో లోపలికంటా నొక్కి పెడితే అంకె వణక్కుండా నిలబడుతుంది. పైపైన చూసి వదిలేసే రకాన్ని కాదు నేను.

8వ తేదీ, శుక్రవారం

మొదటి బండి రోడ్డెక్కింది. తిరిగొచ్చాక పక్క తలుపు తెరుచుకోలేదు. సామాను సర్దుదామని వెనక్కెళ్ళిన హారన్ మావయ్య అక్కడే చిక్కుకుపోయాడు. ముందుకి రావడానికి దారి లేదు, మధ్యలో ఇనప జాలీ.

"ఒరేయ్, అత్తగారు అలిగింది! ఎవరైనా బతిమాలండ్రా!" అని లోపలి నుంచి అరుస్తున్నాడు. చేతికి అందితే హారన్ కూడా కొట్టేవాడే.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఈ వ్యాన్లలో మనుషుల్ని ఎక్కిస్తారు.

9వ తేదీ, శనివారం

ఇంకో బండి. అదే తలుపు.

11వ తేదీ, సోమవారం

నిలబడి ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. గతుకుల మీద నడిపి తెస్తే తలుపు మొరాయిస్తుంది. తలుపు తీగలో కబురు అత్తగారి దాకా రావడం లేదు. తీగ తెగలేదు. నల్లపెట్టె మార్చినా అంతే. మిగిలింది బూడిదరంగు కనెక్టరు.

క్వాలిటీ పెద్దాయన పిలిచారు. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది, అందుకని వెనకాల భూతద్దం గారు.

"కారణం ఏమిటనుకుంటున్నావమ్మా?"

ఆ కనెక్టరులో ప్రతి టెర్మినలూ ఒకే టేబుల్ నుంచి వస్తుంది. అదే చెప్పాను. టెర్మినల్ నొక్కే క్రింపింగ్ టేబుల్ దగ్గర తేడా ఉంది సార్ అన్నాను.

"ఖాయంగా?"

"ఖాయం సార్."

తీగను మిషన్లో పెట్టి లాగి చూసినప్పుడు తీగ తెగింది గానీ నొక్కు ఊడలేదు, అంటే నొక్కు గట్టిదే. అది కూడా ఆయనకి చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

సొంత మనిషని తప్పు దాచిపెట్టలేదు. దానికి ధైర్యం కావాలి. నేను చెప్పింది టేబుల్ గురించి, మనిషి గురించి కాదు.

12వ తేదీ, మంగళవారం

పెద్దమ్మని ప్యాకింగ్‌కి మార్చారు. నెలాఖరు దాకా అట్టపెట్టెలకి టేపు వేస్తుంది. ఈలోగా వేరే కారణం తేలకపోతే ఆ తరవాత రానక్కర్లేదన్నారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తింది. అమ్మే ఉండబట్టలేక అడిగింది, "ఎవరు చెప్పారక్కా నీ పని బాగోలేదని?"

పెద్దమ్మ నావైపు చూడకుండా, "మన పిల్లే. చదువుకున్న పిల్ల, పరీక్ష చేసి చెప్పింది. ఊరికే చెబుతుందా?" అంది.

కోపంగా అంటే బాగుండేది. నమ్మకంగా అంది.

నేను చెప్పింది టేబుల్ గురించి.

14వ తేదీ, గురువారం

ఆ టేబుల్ దగ్గర కొత్తమ్మాయి కూర్చుంది. మిషను నేర్చినదే, చెయ్యి చురుకు. ఏ తప్పూ జరగకూడదని ప్రతి కనెక్టరునీ రెండుసార్లు చూస్తున్నాను. పొద్దున ఒకసారి, బిగించే ముందు మళ్ళీ ఒకసారి. వేళ్ళు కందిపోయాయి.

15వ తేదీ, శుక్రవారం

ఎక్కువయింది. తలుపే కాదు, లోపలి దీపం కూడా మిణుకుమిణుకుమంటోంది.

హారన్ మావయ్య నా పక్కన నిలబడి, "ఇదివరకటి మోడల్లో ఇలా లేదమ్మా," అన్నాడు.

ఇదివరకు ఎవరూ ఇంత జాగ్రత్తగా చూసి ఉండరు.

కొత్తమ్మాయి పని కూడా బాగోలేదేమో.

17వ తేదీ, ఆదివారం

పెద్దమ్మ గడపలో కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కిస్తోంది. నాకు చొక్కా గుండీ ఊడిందని దారం అడగబోయి ఆగాను. పక్కన అమ్మ సూదుల డబ్బా మొత్తం ఉంది. ఒకటి ఎక్కించి గుచ్చుతుంది, ఇంకోటి తీస్తుంది. కన్ను చికిలించి, వేళ్ళు చూసుకుని, మళ్ళీ.

"ఏం కుడుతున్నావు పెద్దమ్మా?"

"ఏమీ లేదు. నా చెయ్యి నన్నెప్పుడు మోసం చేసిందా అని చూస్తున్నా."

అమ్మ వంటింట్లోంచి, "పొద్దుట్నుంచీ అదే వరస. రేపు నాకు సూది కావాలంటే దారం ఏ రంగో వెతుక్కోవాలి," అంది. విసుగ్గానే అంది, బయటికి మాత్రం రాలేదు.

గుండీ కుట్టుకోలేదు.

18వ తేదీ, సోమవారం

సెలవు పెట్టి పెద్దమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నేనే అడిగాను వెళ్దామని. కళ్ళలో ఏదో ఉందని తేలితే దారి దొరుకుతుంది, అద్దాలు పెట్టుకుంటుంది, మళ్ళీ టేబుల్ ఇస్తారు.

అక్కడ అక్షరాల పలక చదవమన్నారు. పెద్దమ్మ నావైపు చూసింది. "అక్షరాలు నాకు రావు. మా పిల్లకొచ్చు, దాన్ని చదవమనండి," అంది. డాక్టరు నవ్వి, వేళ్ళ బొమ్మలున్న పలక తెచ్చింది. ఏ వేలు ఎటు తిరిగి ఉందో పెద్దమ్మ చిట్టచివరి వరస దాకా చెప్పేసింది. దగ్గర చూపుకి సన్నటి గీతలు చూపిస్తే అవీ చెప్పింది.

"ఈ వయసులో ఇంత మంచి చూపు నేను చూడలేదమ్మా," అంది డాక్టరు.

ఆ మాట వింటే ఎవరికైనా సంతోషం కలగాలి. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని పెద్దమ్మ తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

"కళ్ళు కాదన్నమాట. అయితే ఇదే."

20వ తేదీ, బుధవారం

రాయాలా వద్దా అని కాసేపు కూర్చున్నాను.

సోమవారం కట్టిన బళ్ళు రోడ్డు మీద తిరిగి వచ్చాయి. అన్నీ బాగున్నాయి. తలుపులు తెరుచుకున్నాయి, దీపాలు కదల్లేదు. హారన్ మావయ్య కావాలని గుంతలన్నీ వెతికి మరీ తోలాడట. "నా నడుం విరిగింది గానీ బండికేం కాలేదు," అన్నాడు.

సోమవారం కూడా టేబుల్ దగ్గర కొత్తమ్మాయే ఉంది. అదే మిషను. అదే తీగ. అదే నల్లపెట్టె.

సోమవారం ఫ్యాక్టరీలో లేనిది నేను. ఆ రోజు కనెక్టర్లని మీటరుతో ఎవరూ చూడలేదు.

అది ఊరికే కలిసొచ్చి ఉండవచ్చు.

21వ తేదీ, గురువారం

కలిసిరాలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక రెండు కనెక్టర్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి నేను పరీక్ష చేసింది, ఒకటి ఎవరూ ముట్టుకోనిది. టెర్మినల్ అంటే చిన్న రేకు గొట్టం, లోపల నాలుకలాంటి స్ప్రింగు రేకు. నల్లపెట్టె వైపు నుంచి పిన్ను దూరినప్పుడు ఆ నాలుక దాన్ని అదిమి పట్టుకుంటుంది. ఇదంతా పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను కూడా.

డబ్బాలోంచి విడి పిన్ను ఒకటి తీసి ముట్టుకోని కనెక్టరులో పెట్టాను. తలకిందులుగా తిప్పాను. పిన్ను వేలాడుతూ ఉండిపోయింది.

నేను పరీక్ష చేసినదానిలో పెట్టాను. తిప్పాను.

పిన్ను రాలి బల్ల మీద పడింది. చాలా చిన్న చప్పుడు.

ఇంకో రంధ్రం. పడింది. ఇంకోటి. పడింది.

బల్ల మీది భూతద్దం కింద పెట్టి చూస్తే కనపడింది. నాలుకలు తెరుచుకుని ఉన్నాయి, కసిరితే బెదిరి వెనక్కి నక్కిన పిల్లల్లా. మీటరు ముల్లు లావు. నేను గట్టిగా, లోపలికంటా, రెండేసి సార్లు. ఎక్కడా తప్పు లేకుండా చూసిన ప్రతిచోటా తప్పు పెట్టి వచ్చాను.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. మళ్ళీ మళ్ళీ ఆ మంచి కనెక్టరులో పిన్ను పెట్టి తలకిందులు చేస్తూ ఉండిపోయాను. కంటికి ఆనని ఎడం అది. అంత ఎడంలో ఒక రేకు ఒక పిన్నును పట్టుకుంటుంది. దాన్ని నమ్ముకుని తలుపు తెరుచుకుంటుంది, దీపం వెలుగుతుంది, మనుషులు దిగి ఇళ్ళకి వెళతారు. అది మోటుగా తాకితే కూడా ఓర్చుకోలేదు. అయినా బండి ఆయుష్షంతా పట్టుకునే ఉంటుంది. ఇలాంటివి ఒక్కో జడలో ఎన్నున్నాయి! వాటి మీద పెద్దమ్మ చెయ్యి ఇన్నేళ్ళుగా తిరుగుతోంది, ఒక్క నాలుకనీ నొప్పించకుండా.

22వ తేదీ, శుక్రవారం

భూతద్దం గారి గదిలోకి వెళ్ళి రెండు కనెక్టర్లూ బల్ల మీద పెట్టాను. చెప్పడం కంటే చూపించడం తేలికనిపించింది.

ఆయన ఒకటి తిప్పారు, నిలిచింది. రెండోది తిప్పారు, పడింది. కింద పడిన పిన్ను తనే వంగి తీసుకుని మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. చిన్నపిల్లాడిలా చాలాసేపు అదే ఆట.

"ఏ ముల్లుతో చూశావు?"

"నా మీటరుతో సార్."

"టెస్టు పిన్నుల డబ్బా ఇచ్చాంగా?"

"వాటితో ఆలస్యమవుతోందని..."

ఆయన భూతద్దం తీసి తుడుచుకున్నారు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచారు. "నేనూ చూశాను కదమ్మా. నువ్వు క్రింపు దగ్గరన్నావని ఆ చివరే చూస్తూ కూర్చున్నా. నాలుకున్న ఈ చివరికి తిప్పలేదు."

అప్పుడు చెప్పాను. "సార్, ఆ టేబుల్ ఆవిడ మా పెద్దమ్మ."

"తెలుసు. లైన్లో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదనుకుంటున్నది నువ్వొక్కదానివే." భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "అందుకే నీ మాట మీద ఇంకో ప్రశ్న వెయ్యలేదు. సొంత పెద్దమ్మ మీద ఉత్తినే ఎవరు చెబుతారు అనుకున్నా."

ఆ మాట నా లోపల ఎక్కడో కూర్చుంది. కదలడం లేదు.

నేను ముట్టుకున్న కనెక్టర్లన్నీ కోసేసి కొత్తవి వెయ్యాలి. సోమవారం నుంచి పెద్దమ్మ మళ్ళీ తన టేబుల్‌కి. కొత్తమ్మాయి పక్క టేబుల్‌కి. నా ప్రొబేషన్ పొడిగించారు. మీటరు ఇంటికి తీసుకెళ్ళి ఇంట్లోనే ఉంచమన్నారు. వస్తుంటే పారేసే ముక్కల్లోంచి మంచి టెర్మినల్ నొక్కి ఉన్న ఒక తీగ, ఒక పిన్ను నా చేతిలో పెట్టారు. "తీసుకెళ్ళి మీ పెద్దమ్మకి చూపించు."

అదే రోజు, దీపాలు పెట్టాక

అమ్మ కుట్టుమిషను దగ్గర ఉంది. పెద్దమ్మ పక్కన కూర్చుని కత్తిరింపులు ఏరుతోంది. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనేమోనని.

అమ్మ మిషను ఆపింది.

పెద్దమ్మ మీటరు అడిగి తీసుకుంది. ముల్లును వేలితో తడిమి చూసింది. "ఇదా? ఇంత లావు? నేను ఎర్ర తొడుగు బాగుందని కొన్నానే," అంది.

నేను క్షమించమనడానికి నోరు తెరిచేలోపు తనే అంది.

"ఆ రోజు పెద్దాయనకి చెప్పే ముందు నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"ఏమో. నా చేతికి తెలిసినంతవరకూ బాగానే ఉందే అని చెప్పేదాన్ని. నీ పరీక్ష ముందు ఆ మాట నిలబడకపోవచ్చు. కానీ అడగాల్సింది."

"అడగాల్సింది," అన్నాను.

"అదలా ఉంచు. ఆ పిన్ను కథ చూపించు."

తీగను కిటికీ ఊచకి కట్టాను, టెర్మినల్ నోరు కిందికి ఉండేలా. పిన్ను పెట్టాను. వదిలాను. వేలాడింది. పెద్దమ్మ మొహం దగ్గరగా పెట్టి చూసింది. మెల్లిగా ఊదింది. పడలేదు. గట్టిగా ఊదింది. పడలేదు.

"ఇన్నేళ్ళూ తోశాను, విన్నాను, గుంజాను, పక్కన పడేశాను. లోపలికెళ్ళాక ఇలా పట్టుకుని కూర్చుంటుందని ఎవరూ చెప్పలేదే!" అంది. "ఎంతసేపు పట్టుకుంటుంది?"

"బండి ఉన్నంతకాలం."

"గతుకులొచ్చినా?"

నేను జవాబు చెప్పేలోపే అమ్మ కుర్చీ జరుపుకుని, మిషను కిటికీకి ఆనించి, బట్ట లేకుండానే తొక్కడం మొదలుపెట్టింది. కిటికీ అదిరింది, ఊచ అదిరింది, పిన్ను గజగజ వణికింది. "ఇదిగో గతుకు! ఇదిగో గుంత!" అంటోంది అమ్మ. మా అమ్మ అలా ఆడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

పడలేదు.

పెద్దమ్మ కుడిచెయ్యి ఎత్తి దీపం వైపు పట్టుకుని, వేళ్ళు ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచింది.

"అయితే దీనికేం కాలేదన్నమాట," అంది, నాతో కాదు, చేతితోనే.

23వ తేదీ, శనివారం

పొద్దున లేచేసరికి పెద్దమ్మ సూదుల్లోంచి దారాలన్నీ లాగేస్తోంది. "ఎక్కించినప్పుడు అడిగావా, తీసేటప్పుడు అడిగావా," అని అమ్మ అరుస్తోంది.

కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. పిన్ను అలాగే ఉంది.